స్నేహధర్మంలో ఒక చిక్కు

మంచి మిత్రుడి లక్షణాలేమిటని అడిగితే మన పిల్లలు చెప్పవలసిన జవాబు ఎప్పుడో సిద్ధమై ఉంది. భర్తృహరి నీతిశతకంలో చెప్పాడు, ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేశాడు, పంతుళ్ళం మనం వల్లె వేయిస్తున్నాం. మిత్రుడు చెడ్డపనికి పోతుంటే వారిస్తాడు, మంచిపనికి పురికొల్పుతాడు, గుట్టు దాస్తాడు, మంచి గుణాలను నలుగురికీ చెబుతాడు, ఆపదలో విడిచిపెట్టడు, అవసరానికి ఇచ్చి ఆదుకుంటాడు. ఇవి ఆరు లక్షణాలు. పద్యంలో చదివినప్పుడు ఆరూ ఒకే దండలోని పూలలాగా కుదురుగా ఉంటాయి. వాటిలో ఒకటి ఇంకొకదాని మీదికి తగవుకు వస్తుందని ఎవరికీ తోచదు.

డిగ్రీ మొదటి సంవత్సరం తరగతిలో నేనీ పద్యం చెబుతుండగా ఒక అమ్మాయి లేచి, “సార్, గుట్టు దాస్తే ఆపదలో వదిలేసినట్టవుతుంది, ఆపదలో ఆదుకోబోతే గుట్టు బయటపెట్టినట్టవుతుంది. అలాంటప్పుడు ఏం చెయ్యాలి సార్?” అని అడిగింది. తరగతి నవ్వింది. ఆమె నవ్వలేదు. గంట కొట్టిన తర్వాత వరండాలో నిలబడి మిగతాది చెప్పింది. ఇంటర్మీడియట్ రెండేళ్ళూ ఆమె ఒక హాస్టల్లో ఉండి చదువుకుంది. పక్క మంచం మీది స్నేహితురాలు ఒక రాత్రి తనకు బతకాలని లేదని చెప్పి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. ఈమె నాలుగు రాత్రులు ఆ పిల్ల చేతి మీద తన చెయ్యి వేసుకొని పడుకుంది, లేస్తే తెలుస్తుందని. పగలు స్టడీ అవర్లో కునికిపాట్లు పడి తిట్లు తిన్నది. ఐదోనాడు ఇంటికి ఫోను చేసుకొనే వంతు వస్తే, తన ఇంటికి చెయ్యకుండా స్నేహితురాలి అక్కకు చేసి చెప్పేసింది. ఆ పిల్ల ఇప్పుడు బతికి ఉంది, ఎక్కడో చదువుకుంటోంది. కాని ఈమెతో మాట్లాడదు. “నేను చేసింది తప్పా సార్?” అన్నది ఆమె అసలు ప్రశ్న.

తప్పు కాదమ్మా అని చెప్పి పంపాను. చెప్పడానికి ఒక్క క్షణం పట్టింది. ఎందుకు కాదో ఆలోచించుకోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది. ఆలోచించేకొద్దీ, ఆ అమ్మాయి చెయ్యవలసినదానికంటె మనం చెయ్యనిదే ఎక్కువగా కనిపిస్తూ వచ్చింది.

మొదట ఒట్టు సంగతి చూద్దాం. మాటకోసం ఆలినీ బిడ్డనూ అమ్ముకున్న హరిశ్చంద్రుణ్ణి మనవాళ్ళు శతాబ్దాలుగా నెత్తిన పెట్టుకున్నారు. కాని అదే సంప్రదాయంలో మరో కథ కూడా ఉంది, దానికి అంత ప్రచారం లేదు. భారతం కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడనే తాపసి కథ చెబుతాడు. నిజమే చెప్పాలని వ్రతం పట్టిన ఆ మహానుభావుడు, దొంగలు వచ్చి అడిగితే, పారిపోయి వచ్చిన జనం ఎక్కడ దాగారో చూపించాడు. జనం చచ్చారు, ఆయన నరకానికి పోయాడు. సత్యమనేది ప్రాణాలకు రక్షగా ఉండాలి కాని ప్రాణాలకంటె పైన కూర్చోకూడదన్న ఇంగితం ఆ కథ చెప్పినవారికి ఉంది. కౌశికుడు దాచవలసింది చెప్పాడు. మన అమ్మాయి స్థితి తిరగబడిన కౌశికుడి స్థితి: చెప్పవలసింది దాస్తానని ఒట్టు పెట్టుకుంది. కొలబద్ద రెంటికీ ఒకటే. ప్రాణం పోతుందనుకున్నచోట ఒట్టు చెల్లదు. ఒట్టు వేయించుకున్న పిల్ల కూడా, నిజానికి, ఆ రాత్రి ఒక మనిషికి చెప్పుకున్నది. పూర్తిగా చావాలనే ఉన్నవాళ్ళు ఎవరికీ చెప్పుకోరని దీనర్థం కాదు. అలాంటి సూత్రాలు ప్రమాదకరం. నేననేది ఇంతే: చెప్పుకున్న మనిషిలో కాపాడమనే కోరిక కూడా ఉంటుంది, ఎవరికీ చెప్పవద్దనే కోరిక కూడా ఉంటుంది. స్నేహితురాలు ఆ రెండో కోరికను తోసిపుచ్చి మొదటిదాని పక్షాన నిలబడింది.

ఇంతటితో తేలిపోయేదే అయితే వ్యాసం రాయనక్కరలేదు. ప్రాణాపాయం ఉంటే చెప్పాలి, సరే. ఎవరికి చెప్పాలి?

ఆ అమ్మాయి నాలుగు రాత్రులు వెతికింది ఈ ప్రశ్నకు జవాబే. ఫ్లోర్ ఇన్‌ఛార్జికి చెబితే ఆయన వార్డెనుకు చెబుతాడు, వార్డెను ప్రిన్సిపాలుకు చెబుతాడు, ప్రిన్సిపాలు తండ్రిని పిలిపించి, “మీ పిల్లను కొన్నాళ్ళు ఇంటిదగ్గర ఉంచుకోండి” అంటాడు. ప్రమాదం జరిగితే తమ ఆవరణలో జరగకూడదు, అంతే. తండ్రి రెండెకరాల కౌలు రైతు. వడ్డీకి తెచ్చి కట్టిన ఫీజు తిరిగి రాదు. ఊళ్ళో జనం అడుగుతారు. ఆ పిల్ల బతకలేననుకున్న కారణాలన్నీ, ఆమెను కాపాడబోయిన మరుక్షణం రెండింతలవుతాయి. ఇదంతా ఆ పదిహేడేళ్ళ పిల్లలిద్దరికీ తెలుసు. అందుకే ఒకరు ఒట్టు వేయించుకున్నారు, ఇంకొకరు వేశారు. గుట్టు విలువ అక్కడే పుట్టింది. చెప్పుకుంటే మేలు జరిగే చోటు ఒకటుంటే ఆ ఒట్టు అవసరమే ఉండేది కాదు. జ్వరం వస్తే ఎవరికీ చెప్పవద్దని ఎవరూ ఒట్టు వేయించుకోరు గదా.

కాబట్టి భర్తృహరి చెప్పిన లక్షణాలు రెండూ పుట్టుకతో శత్రువులు కావు. వాటిమధ్య తగవు పెట్టినది ఒక ఏర్పాటు. ఆ ఏర్పాటు సంగతి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని గురించి మనవాళ్ళు రాసేటప్పుడు ఒత్తిడి అనే ఒక్క మాటతో సరిపెట్టి ముందుకు పోతుంటారు.

కార్పొరేట్ జూనియర్ కాలేజీ అని మనం పిలిచే సంస్థ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక పరిశ్రమ. దాని సరుకు ర్యాంకు. తెల్లవారకముందే మొదలై రాత్రి పొద్దుపోయేదాకా సాగే స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, ఎప్పుడో నెలకొకసారి ఔటింగు. ఇవి అందరికీ తెలిసినవే. తక్కువగా గమనించే సంగతి ఒకటుంది. పరీక్షల్లో వచ్చిన మార్కులనుబట్టి పిల్లలను సెక్షన్లుగా విడగొడతారు. మార్కులు మారినప్పుడు సెక్షను మారుతుంది. చాలాచోట్ల సెక్షనుతోపాటు బెంచీ, గది, ఒక్కొక్కసారి భవనమే మారిపోతుంది. అంటే మార్కులు తగ్గి కుంగిపోయిన పిల్లవాడికి ఏ సమయంలో స్నేహితుడు కావాలో, సరిగ్గా ఆ సమయంలో స్నేహితుడు దూరమవుతాడు. ఇది ఎవరో పనిగట్టుకొని స్నేహాలను విడగొట్టాలని చేసినదని నేననను. ఎవరూ స్నేహాల గురించి ఆలోచించనే లేదు. అదే అసలు దోషం. ఫ్యాక్టరీలో నాణెం తగ్గిన సరుకును వేరే గంపలో వేసేవాడు ఆ రెండు గంపల్లోని సరుకు ఒకదాన్నొకటి తలుచుకుంటుందేమో అని ఆలోచించడు.

పైగా అక్కడ ప్రతివాడికీ పక్కవాడు పోటీదారు. పక్కవాడి కష్టం తన ర్యాంకుకు లాభం. ఈ లెక్క పిల్లలకు రోజూ నూరిపోస్తారు. ఆశ్చర్యమేమంటే ఆ లెక్క వాళ్ళకు పూర్తిగా ఎక్కదు. జ్వరంతో పడుకున్నవాడికి నోట్సు రాసిపెడతారు, తిననివాడి పళ్ళెంలో ముద్ద పెట్టి ఎదురుగా కూర్చుంటారు, “ఏరా మామా” అని వీపు మీద చరిచి, ఇంకేమీ అనకుండా వాడి పక్కన సాయంకాలమంతా నడుస్తారు. మగపిల్లల స్నేహంలో ఈ మాటలు లేని భాష ఎక్కువ. వెక్కిరింతలాగా వినిపించేదాంట్లో ఆరా ఉంటుంది. ఆడపిల్లలు కూర్చుని చెప్పుకుంటారు. ఆడపిల్లా మగపిల్లవాడూ చెప్పుకుంటే మాత్రం అది నేరం. చాలా కాలేజీల్లో ఇద్దరూ మాట్లాడుకున్నందుకు తండ్రులను పిలిపిస్తారు. కుంగిపోయిన పిల్లవాడికి ఓదార్పు చెప్పగలిగినవాళ్ళలో సగంమందిని ఆ విధంగా ముందే తీసేస్తారు.

అరిస్టాటిల్ నికొమాకియన్ నీతిశాస్త్రం ఎనిమిదో భాగంలో యువకుల స్నేహం సుఖాన్ని ఆశ్రయించుకొని ఉంటుందనీ, అందుకే తొందరగా పుట్టి తొందరగా పోతుందనీ అన్నాడు. ఆయన చూసిన యువకులకు బానిసలు వండిపెట్టేవారు, తీరిక ఉండేది. మన హాస్టలు గదిలో రాత్రి పదకొండు గంటల తర్వాత పుట్టే స్నేహంలో సుఖమేమున్నది? తన నిద్ర, తన మార్కులు, ఒక్కొక్కప్పుడు తన ర్యాంకు వదులుకొని ఒకడు ఇంకొకడి ఏడుపు వింటున్నాడు. పోటీయే మానవ స్వభావమని చెప్పే పండితులు ఆ గదుల్లో ఒక వారం ఉండి చూడాలి.

ఈ స్నేహాన్ని నేను గౌరవిస్తాను. అందుకే దాన్ని ఉట్టినే పొగిడేవాళ్ళంటే నాకు అనుమానం. ఈ మధ్య ఉపన్యాసాల్లో ఒక కొత్త పల్లవి వినవస్తోంది: పిల్లలకు పిల్లలే మందు, స్నేహితులు కనిపెట్టుకొని ఉంటే సమస్య సగం తీరుతుంది అని. వినడానికి ఎంత బాగుందో! ఇందులో ఖర్చు లేదు. కౌన్సెలరుకు జీతం ఇవ్వనక్కరలేదు, టైంటేబుల్ మార్చనక్కరలేదు, సెక్షన్లు ఎత్తెయ్యనక్కరలేదు. రోజంతా పిల్లలను ఒకరికొకరు పోటీదారులుగా తయారుచేసి, రాత్రి పదకొండు దాటిన తర్వాత మాత్రం ఒకరికొకరు వైద్యులు కావాలంటారు.

లెక్కలు చూస్తే ఈ మాట అతిశయోక్తి అనిపించదు. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేల్చింది. మన దేశంలో లక్ష జనాభాకు ఒక మానసిక వైద్యుడు కూడా లేడు. 2022 ఒక్క సంవత్సరంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది అని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క చెప్పింది. వైద్యుడికీ పిల్లవాడికీ నడుమ ఉన్న ఇంత ఖాళీలో నిలబడి ఉన్నది ఎవరు? పక్క మంచం మీది పిల్ల. జీతం లేదు, శిక్షణ లేదు, నిద్ర లేదు. చట్టం దృష్టిలో ఆమె ఎవరూ కాదు కూడా: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివారి తరపున నిర్ణయాలకు ప్రతినిధి సంరక్షకుడే.

స్నేహం ఎంతవరకు మొయ్యగలదో, ఎక్కడ మొయ్యలేదో చెప్పడానికి నాకు చిన్నయసూరి నీతిచంద్రిక గుర్తుకు వస్తుంది. మిత్రలాభంలో పావురాలు వలలో చిక్కుకుంటాయి. ఒక్కొక్కటీ విడివిడిగా కొట్టుకుంటే లాభం లేదనీ, అందరూ ఒక్కసారిగా ఎగరాలనీ చిత్రగ్రీవుడు చెబుతాడు. వలతోసహా లేచిపోతాయి. చిన్నప్పుడు మనకు ఐకమత్యమే మహాబలమని చెప్పి అక్కడితో కథ ఆపేస్తారు. కాని పావురాలు ఎగిరినంత మాత్రాన వల తెగలేదు. వల మోసుకుంటూ అవి హిరణ్యకుడనే ఎలుక దగ్గరికి పోతాయి. కొరకడానికి పళ్ళున్నవాడు వాడు. పావురాలు ఎంత కలిసికట్టుగా ఎగిరినా తమ ముక్కులతో వల కొరుక్కోలేవు. ఎలుక ఎంత పళ్ళున్నవాడైనా వాటిని అడవిలోనుంచి లేపుకురాలేడు. పదహారేళ్ళ స్నేహితులు వలను లేపగలరు. వాళ్ళు లేపుకొని వచ్చిన తర్వాత కలుగులో ఎలుక ఉండాలి గదా. మన కాలేజీల్లో ఆ కలుగు ఖాళీ. కొన్నింట్లో కలుగు ముందు బోర్డు మాత్రం ఉంది.

స్నేహితులు తామే కొరకబోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. అమాండా రోజ్ అనే అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞురాలు 2002లో ప్రకటించిన పరిశోధనలో, స్నేహితులు ఇద్దరూ కూర్చుని ఒకే బాధను మళ్ళీమళ్ళీ తవ్వుకుంటూ మాట్లాడుకోవడాన్ని పరిశీలించింది. అలా మాట్లాడుకునే పిల్లల్లో స్నేహం గాఢంగా ఉంది. వారిలో కుంగుబాటు, ఆందోళన కూడా ఎక్కువగానే ఉన్నాయి. తర్వాత 2007లో ప్రకటించిన పరిశోధనలో ఆడపిల్లల విషయంలో కాలం గడిచేకొద్దీ రెండూ కలిసి పెరగడం కనిపించింది. ప్రేమ తక్కువై వచ్చిన ప్రమాదం కాదిది. ఇద్దరూ ఒకే బావిలో ఉన్నారు. ఒకరి గొంతు ఒకరికి వినిపిస్తుంది, పైకి లాగే తాడు మాత్రం ఇద్దరి చేతుల్లోనూ లేదు. ఆ నాలుగు రాత్రుల్లో మా విద్యార్థిని తాను కూడా అన్నం మానేసిందని తర్వాత ఇంకోసారి చెప్పింది.

మన శిబిరంలోని మిత్రులు కొందరు ఇక్కడ అడ్డు తగులుతారని నాకు తెలుసు. వ్యాధి వ్యవస్థది, మీరు వ్యక్తుల మధ్య ఓదార్పుల గురించి మాట్లాడుతున్నారు, పుండుమీద పట్టీ వేస్తున్నారు అంటారు. వ్యవస్థదేనని నేనూ అంటున్నాను. ఆత్మహత్య సాంఘిక విషయమని దుర్ఖైమ్ 1897లో ఒక పుస్తకమే రాశాడు. అంతకు యాభై ఏళ్ళ క్రితమే, 1846లో, మార్క్స్ పారిస్ పోలీసు దస్తావేజులు చూసిన ప్యూషే జ్ఞాపకాలనుంచి ఆత్మహత్యల ఉదంతాలు తీసి, తన వ్యాఖ్యలు చేర్చి ప్రచురించాడు. ఆ ఉదంతాలు నాలుగైతే మూడు స్త్రీలవి. మార్క్స్ కూలి దోపిడీ గురించి మాత్రమే రాశాడనుకునేవారు ఆ చిన్న రచన చూడాలి. కుటుంబంలోని నిరంకుశత్వాన్ని ఆయన అందులో పట్టుకున్నాడు. ఒక మనిషి రాత్రిపూట ఒంటరిగా పడే యాతన ఆయనకు చిన్న విషయంగా కనిపించలేదు. వ్యవస్థ మారేదాకా ఓదార్పు అనవసరమనేవాడు, కార్మికరాజ్యం వచ్చేదాకా సమ్మెలో ఉన్నవాళ్ళకు గంజి పొయ్యవద్దన్నట్టే మాట్లాడుతున్నాడు. గంజి పోసినవాడే రేపు సమ్మెకు కూడా నిలబడతాడు.

వ్యవస్థ అన్న మాటకు రూపం కావాలంటే 2019 ఏప్రిల్ గుర్తు చేసుకోండి. తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల్లో లెక్కలేనన్ని తప్పులు దొర్లాయి. పరీక్ష రాసినవాళ్ళకు రాయలేదని వచ్చింది. ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత తప్పినవాళ్ళందరి కాగితాలూ ఉచితంగా మళ్ళీ చూడమని ప్రభుత్వం ఆజ్ఞాపించింది. వెయ్యిమందికి పైగా పిల్లలు నెగ్గినట్టు తేలింది. ఆ వారంలో ఏ పిల్లవాడి స్నేహితుడైనా ఏం చెప్పగలిగేవాడు? “నువ్వు తప్పలేదురా, వాళ్ళే తప్పారు” అని చెప్పగలిగేవాడు. అది నిజం కూడా. కాని నిజం చెప్పడానికి స్నేహితుడు పక్కన ఉండాలి. ఫలితాలు వచ్చేది వేసవి సెలవుల్లో. ఎవరి ఊళ్ళో వాళ్ళుంటారు, ఎవరి ఇంట్లో వాళ్ళు తలుపులు వేసుకుంటారు.

2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో కోచింగుకు వచ్చి చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థ కనీసం ఒక కౌన్సెలర్‌నో, మనోవిజ్ఞానం చదివినవారినో, సోషల్ వర్కర్‌నో నియమించాలి. మార్కులనుబట్టి పిల్లలను బ్యాచీలుగా విడగొట్టకుండా ఉండాలి. ఈ రెండోది చదివినప్పుడు నాకు సంతోషం వేసింది. సెక్షన్ల విభజన బోధనాపద్ధతికి సంబంధించిన సాంకేతిక విషయమని యాజమాన్యాలు ఇంతకాలం చెప్పుకున్నాయి. అది ప్రాణాలకు సంబంధించిన విషయమని దేశంలో అత్యున్నత న్యాయస్థానం గుర్తించింది. గుర్తించడం వేరు, అమలు వేరు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ వేళప్పుడైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మంచి పనే. అయితే ఫోన్లు నిషేధించిన హాస్టల్లో ఆ నంబరు గోడమీది రాతే. ఆఫీసు గదిలో ఇన్‌ఛార్జి పక్కన కూర్చుని ఉండగా ఏ పిల్ల ఆ నంబరు తిప్పుతుంది? హాస్టలుకు ఒక ఫోను, ఒక తలుపు, ఆ తలుపు అవతల ఎవరూ లేకపోవడం: ఇంత చిన్న కోరికకు కూడా విద్యార్థి సంఘాలు ధర్నా చెయ్యవలసి ఉంటే చెయ్యాలి.

2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో ప్రభుత్వమే ఊళ్ళలోని పిల్లల్లోనుంచి తోటివారికి ఆరోగ్యం గురించి చెప్పే వాళ్ళను తయారుచేసే పద్ధతి పెట్టింది. పిల్లల మాట పిల్లలు వింటారన్న గ్రహింపు అందులో ఉంది. అక్కడ ఆ పిల్లల వెనుక నర్సమ్మ ఉంటుంది, ఆశా కార్యకర్త ఉంటుంది, ఆస్పత్రి ఉంటుంది. లోపాలెన్ని ఉన్నా నమూనా సరైనది. పావురాలకు ఎలుక అడ్రసు చెప్పారు. లక్షల ఫీజు తీసుకునే కాలేజీలు ఆ మాత్రం చెయ్యలేవా?

ఇక మా సంగతి, అంటే పంతుళ్ళ సంగతి. ఒక పిల్ల ఇంకో పిల్లను వెంటబెట్టుకొని స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర నిలబడి, “సార్, మీతో మాట్లాడాలి” అంటే మనం మామూలుగా చేసేది ఏమంటే, తెచ్చినదాన్ని క్లాసుకు పంపించి రెండోదాన్ని కూర్చోబెట్టడం. అలా చెయ్యకూడదు. చెప్పినందుకు చాడీకోరు అన్న మాట పడకుండా ఉండాలంటే చెప్పడం ఇద్దరూ కలిసి చేసిన పని కావాలి. ఒట్టు వేయించుకునే సమయంలోనే స్నేహితురాలు, “ఎవరికీ చెప్పనని మాట ఇవ్వలేను, నిన్ను ఒంటరిగా పంపించనని మాట ఇస్తాను” అనగలిగితే ఆ తర్వాతి నాలుగు రాత్రులూ వేరుగా ఉంటాయి. ఆ వాక్యం పిల్లలకు నేర్పవచ్చు. భర్తృహరి పద్యం చెప్పే రోజునే నేర్పవచ్చు. నేను ఇప్పుడు ఆ పద్యం రెండు గంటలు చెబుతున్నాను. సిలబసు వెనకబడుతోందని మా హెడ్ ఒకసారి అన్నారు.

తండ్రికి కబురు పంపేముందు ఆ పిల్లకు ఏం చెప్పబోతున్నామో చెప్పాలి. వీలైతే ఆమెచేతనే చెప్పించాలి. డాక్టరు దగ్గరికి పోవలసివస్తే జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుడు ఏ రోజుల్లో ఉంటాడో కనుక్కొని ఎవరైనా ఒకరు వెంట పోవాలి. ఇవేవీ పెద్ద పనులు కావు. ఆ గదిలోనుంచి ఆమె బయటికి వచ్చిన తర్వాత, వెంటబెట్టుకొని వచ్చిన రెండో పిల్ల ఇంకా వరండాలోనే నిలబడి ఉంటుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగరు. ఆమె ఎన్ని రాత్రులు నిద్రపోలేదో, అన్నం తిన్నదో లేదో అడగాలి.